టెక్సాస్ ఆయిల్ కుటుంబాలు అంత ఆస్తి ఎలా పోగొట్టుకున్నాయి?

ఈ ప్రశ్నకి అందరూ "మూడో తరం తినేస్తుంది" అనే రాస్తున్నారు. చాలా ఏళ్లుగా డాలస్‌లో ఉంటున్నవాడిగా చెప్తున్నా, ఇక్కడి హంట్ కుటుంబం విషయంలో అది శుద్ధ తప్పు. ముంచింది రెండో తరం. విలాసాలూ కారణం కాదు, ఆస్తి సంపాదించిన హెచ్.ఎల్. హంట్ కొడుకు బంకర్ విమానంలో ఎకానమీ క్లాసులో వెళ్లే పిసినారి. అప్పు ముంచింది.

మా మామగారు విజయవాడలో బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు. ఇక్కడికొచ్చినప్పుడు మాల్స్ చూపిస్తే ఆవలింతలు. సరే అని రెండు గంటలు డ్రైవ్ చేసి కిల్‌గోర్ అనే ఆయిల్ ఊరికి తీసుకెళ్లాను. ఊరి నడిబొడ్డున, ఒకప్పుడు ఎకరం చోటులో 24 బావులు తవ్విన దగ్గర, ఇనప డెర్రిక్‌లు (ఆయిల్ బావి మీద కట్టే ఎత్తైన టవర్లు) వరసగా నిలబడి ఉంటాయి. ఆయన తలెత్తి చూసి అడిగిన మొదటి మాట: "వీటి మీద లోన్ ఎంత ఇచ్చుంటారు అల్లుడుగారూ?"

నాకు నవ్వొచ్చింది గానీ, అసలు కథ అక్కడే ఉంది. 1930లో డాడ్ జాయినర్ అనే ఆయనకి ఆ ప్రాంతంలో ఆయిల్ పడింది. హెచ్.ఎల్. హంట్ అతని లీజులు కొనేశాడు. చేతి నుంచి పెట్టింది కొంచెమే, మిగతాది చాలావరకు బావుల్లో వచ్చే ఆయిల్‌తో తీర్చే ఒప్పందం. "అది సరైన అప్పు" అని మామగారు తలూపారు.

కొడుకులు బంకర్, హెర్బర్ట్ చేసింది వేరు. లిబియాలో బంకర్‌కున్న ఆయిల్‌ని 1973లో గడాఫీ ప్రభుత్వం లాగేసుకుంది. కాగితం డబ్బు మీద నమ్మకం లేక అన్నదమ్ములు వెండి కొన్నారు, ఆనక అప్పు తెచ్చి మరీ కొన్నారు. 1979 మొదట్లో ఔన్సు 6 డాలర్లు, 1980 జనవరికి 50 దగ్గర. వెండి వ్యాపారం జరిగే ఎక్స్ఛేంజ్ రూల్స్ బిగించింది. మార్చి 27న 11 డాలర్ల లోపుకి పడింది. ధర పడితే అదనంగా కట్టాల్సిన పూచీ సొమ్ము, అదే మార్జిన్, కట్టడానికి అన్నదమ్ముల దగ్గర డబ్బు లేదు. కారులో ఇది వింటూ మామగారు నిజంగానే టెన్షన్ పడ్డారు. "బంగారం రేటు కాస్త తగ్గితేనే మేము లోన్ తీసుకున్నవాళ్లకి కబురు పెట్టేవాళ్లం, అక్కడ బ్యాంకువాళ్లు ఏం చేస్తున్నారు?"

ఏం చేశారంటే, ఇంకో 110 కోట్ల డాలర్లు అప్పిచ్చారు! తాకట్టులోకి పోయింది కుటుంబ కంపెనీ ప్లాసిడ్ ఆయిల్. 1986లో ఆయిల్ ధర కూలింది, ప్లాసిడ్ దివాలా పిటిషన్ వేసింది. 1988లో అన్నదమ్ములూ వేశారు. బంకర్ గుర్రాలు 580 దాకా వేలంలో అమ్ముడుపోయాయి.

డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో మనవాళ్లు కొందరు లోన్ మీద లోన్ తీసుకుని మూడిళ్లు కొని, బర్త్‌డే పార్టీల్లో నెట్‌వర్త్ చెప్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. రేటు పెరిగితే మన తెలివి, తగ్గితే ఫెడ్ (అమెరికా రిజర్వ్ బ్యాంకు) తప్పు.

ఇంకోటి, కుటుంబం మొత్తం పోయిందనుకోకండి. వెండి జోలికి పోని అక్క మార్గరెట్ పేరు డాలస్ వంతెనకి పెట్టారు. సవతి తమ్ముడు రే కంపెనీకి 1984లో యెమెన్‌లో ఆయిల్ పడింది. దివాలా తీసిన హెర్బర్ట్ కూడా 2012లో నార్త్ డకోటా ఆయిల్ ఆస్తులు అమ్మి 145 కోట్ల డాలర్ల డీల్ చేశాడు.