మీవాడు హ్యాకర్ అయిపోవట్లేదు, ముందు ఆ లాప్‌టాప్ ఇచ్చేయండి

ప్రశ్న: మా అబ్బాయి కంప్యూటర్ సైన్స్ డిగ్రీ రెండో ఏడు. 2014లో సోనీ పిక్చర్స్ అనే హాలీవుడ్ సినిమా కంపెనీ మీద జరిగిన సైబర్ దాడి గురించి చదివినప్పటి నుంచి అదే లోకం. చేసింది ఉత్తర కొరియా కాదు, లోపలి మనిషేనని తెల్లవార్లూ ఎవరితోనో వాదిస్తుంటాడు. డిగ్రీ మానేసి ఆరు నెలల ఎథికల్ హ్యాకింగ్ (అనుమతితో సిస్టమ్‌లలో లోపాలు వెతికే పని) కోర్సులో చేరతానంటున్నాడు. భయపడి లాప్‌టాప్ లాక్కున్నాను. సాఫ్ట్‌వేర్ మంచిదా, సైబర్ సెక్యూరిటీ మంచిదా చెప్పండి.

జవాబు: అమ్మా, మీరు అడిగింది సాఫ్ట్‌వేరా సెక్యూరిటీయా అని, కానీ మీ భయం అది కాదు. హ్యాకింగ్ అనే మాట వినగానే కొడుకు దొంగల్లో కలుస్తున్నాడేమో అనిపించింది. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి, అన్నింట్లోనూ ఇదే భయం. కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లాడి దగ్గర లాప్‌టాప్ లాక్కోవడం నాకు అస్సలు నచ్చలేదు. వాడేం చదువుతున్నాడో ఒక్కసారైనా పక్కన కూర్చుని అడిగారా? దొంగతనం నేర్చుకునేవాడు పదేళ్ల నాటి కేసులో దోషి ఎవరని నిద్ర మానుకుని వెతకడు.

నిజానికి వాడి అనుమానం పిచ్చి అనుమానం కాదు. నవంబర్ 24న ఆ కంపెనీ ఉద్యోగుల కంప్యూటర్ల మీద ఎర్రటి అస్థిపంజరం బొమ్మతో బెదిరింపు ప్రత్యక్షమైంది. అంతకు మూడు రోజుల ముందు పై అధికారులకు వచ్చిన మెయిల్‌లో అడిగింది డబ్బు. ఉత్తర కొరియాకి కోపం తెప్పించిన సినిమా, అంటే ఆ దేశ నాయకుడి హత్య కథతో ఆ కంపెనీ తీసిన కామెడీ, దాని ఊసే అందులో లేదు, దాడి చేసినవాళ్లు సినిమా మాట ఎత్తింది తర్వాతే. డిసెంబర్ 19న అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఇది ఉత్తర కొరియా పనేనని ప్రకటించినా, తన దగ్గరున్న ఆధారాల్లో కొన్నే బయటపెట్టింది కాబట్టి, ఉద్యోగం పోయిన వాళ్లెవరైనా దారి చూపించారేమో అని అనుభవమున్న నిపుణులే అడిగారు. ఆ రోజుకి అది న్యాయమైన ప్రశ్న.

మీవాడు మాత్రం ఆ రోజు దగ్గరే ఆగిపోయాడు. 2018 సెప్టెంబర్‌లో అమెరికా న్యాయశాఖ ఒక ఉత్తర కొరియా ప్రోగ్రామర్ మీద పెట్టిన కేసు పత్రాలు బయటికొచ్చాయి, దాదాపు 180 పేజీలు. ఉద్యోగులను మోసగించి లోపలికి చొరబడటానికి పంపిన ఎర మెయిళ్లు ఏ ఖాతాల నుంచి వెళ్లాయి, ఆ ఖాతాలకీ కోడ్ ముక్కలకీ 2016 నాటి బంగ్లాదేశ్ బ్యాంకు దోపిడీతో, 2017లో ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగిన వన్నాక్రై వైరస్‌తో సంబంధం ఎక్కడ కలిసింది, అన్నీ వరసగా ఉన్నాయి. ఉత్తర కొరియా ఒప్పుకోలేదు, నిందితుడు కోర్టుకు రాలేదు. అయినా 2014లో ఉన్నంత అనుమానానికి ఇప్పుడు చోటు లేదు. వాదించడం ఆపి అది మొత్తం చదవమనండి. విసుగు పుట్టకుండా చివరిదాకా చదివితే ఈ పని వాడికి సరిపడుతుందని నేను ధైర్యంగా చెబుతాను.

ఎందుకంటే దాడి వెనక ఉద్దేశాన్ని తేల్చేది ఊహ కాదు, ఓపిగ్గా వెతికిన ఆధారాలు. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే వైరస్ కంప్యూటర్లకు తాళం వేసి 300 డాలర్ల బిట్‌కాయిన్ అడిగింది, అందరూ డబ్బు దొంగలే అనుకున్నారు. కోడ్ విప్పి చూసినవాళ్లు, బాధితుడికి తెర మీద చూపించే గుర్తింపు నంబర్ ఏదో తోచిన అక్షరాల వరస మాత్రమేనని, దాంతో తాళంచెవి తయారుచేయడం ఎవరివల్లా కాదని కనుక్కున్నారు. అంటే డబ్బు నాటకం, అసలు పని ధ్వంసం చేయడం. మరుసటి ఏడు పియాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం మీద దాడి చేసినవాళ్లయితే, తమ ప్రోగ్రామ్‌లో ఉత్తర కొరియా హ్యాకర్ల గుంపు గుర్తులు కావాలనే అతికించారు. ఆ దాడిని అమెరికా 2020లో రష్యా సైనిక నిఘా అధికారుల మీద మోపింది.

ఇక ఆ ఆరు నెలల కోర్సు. నాకు వాటి మీద గట్టి అనుమానాలున్నాయి, దాచుకోను. ఏ టూల్‌లో ఏ బటన్ నొక్కాలో నేర్పుతారు, కానీ ఆ బటన్ వెనక నెట్‌వర్క్‌లో ఏం జరిగిందో, ఆపరేటింగ్ సిస్టమ్ ఏ లాగ్‌లో (జరిగినవన్నీ నమోదయ్యే చిట్టాలో) ఏం రాసుకుందో చెప్పే ఓపిక చాలా చోట్ల ఉండదు. సర్టిఫికెట్ చేతికొచ్చాక ఇంటర్వ్యూలో ఒక లాగ్ ఫైలు ముందు పెట్టి ఇక్కడేం జరిగిందని అడిగితే నోరు పెగలని పిల్లల్ని చూసి నాకు బాధేసింది. పైగా ప్రకటనల్లో చూపించే పని వేరు, మొదట దొరికే పని వేరు. మొదట్లో ఎక్కువమంది కూర్చునేది మానిటరింగ్ సెంటర్‌లో, షిఫ్టుల్లో, వందల అలర్ట్‌లలో నిజమైనదాన్ని ఏరుతూ. దాడి ఎవరిదో తేల్చే బృందాలు చిన్నవి, అక్కడికి చేరడానికి ఏళ్లు పడుతుంది. నాట్‌పెట్యా దెబ్బకి నౌకా రవాణా సంస్థ మేర్స్క్ పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు మళ్లీ నిలబెట్టుకోవాల్సి వచ్చింది. ఆ పది రోజులు నిద్రలేకుండా పనిచేసినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు, సెక్యూరిటీ ఉద్యోగంలో పెద్ద భాగం అలాంటి పనే.

సాఫ్ట్‌వేర్‌తో పోల్చమన్నారు కదా. డెవలపర్‌గా మొదటి ఉద్యోగాలు ఎక్కువ దొరుకుతాయి, సెక్యూరిటీలో మొదటి మెట్టు ఎక్కడమే కష్టం. కానీ రెండింటికీ పునాది ఒకటే, అది ఇప్పుడు వాడు చదువుతున్న డిగ్రీలోనే ఉంది. నెట్‌వర్కింగ్, లినక్స్, పైథాన్, తేటగా రిపోర్ట్ రాయడం, ఈ నాలుగూ పట్టుబడితే రెండేళ్ల తర్వాత ఎటైనా వెళ్లొచ్చు. ఇప్పుడే తేల్చేయాలన్న టెన్షన్ మీకొద్దు. డిగ్రీ మాత్రం మానకూడదని నా మాటగా చెప్పండి. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పండి: రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరి సిస్టమ్ జోలికీ వెళ్లకూడదు, సరదాకి కూడా.

లాప్‌టాప్ ఇచ్చేటప్పుడు వాడికి ఒక పని అప్పజెప్పండి. సోనీ కేసు మీద ఒక పట్టిక గీయాలి. ఒక పక్క ఉత్తర కొరియా, లోపలి మనిషి, డబ్బు కోసం వచ్చిన దొంగలు, అని మూడు ఊహలు. వాటి ఎదురుగా తనకు దొరికిన ప్రతి ఆధారం, అది ఏ ఊహను బలపరుస్తుందో కాదు, ఏ ఊహను కొట్టేస్తుందో రాయాలి. నిఘా విశ్లేషకులు ఇలాగే పనిచేస్తారు. సెమిస్టర్ సెలవుల్లో ఆ పట్టిక మీకు అర్థమయ్యేలా వివరించమనండి, ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ ఆపి అడగండి. అది పూర్తయ్యాక నాకు మళ్లీ రాయండి, ఈసారి వాణ్ణే రాయమనండి.