నారింజ తొక్క తోలులా సాగుతోంది, చాక్లెట్ తెల్లబడుతోంది: తప్పు ఎక్కడ?

ప్రశ్న: నారింజ తొక్కల్ని ఒకసారి ఉడకబెట్టి నీళ్లు పారబోశాను. పంచదార పాకంలో అరగంట మరిగించి, కాస్త ఆరాక కరిగించిన చాక్లెట్‌లో ముంచి ఫ్రిజ్‌లో పెట్టాను. తొక్క తోలులా సాగుతోంది, చేదు అలాగే ఉంది. చాక్లెట్‌కు మెరుపు లేదు, మర్నాటికి తెల్ల మచ్చలు కూడా వచ్చాయి. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: సగం తప్పు చాక్లెట్ గిన్నె ముట్టుకోకముందే జరిగిపోయింది. తొక్క మెత్తబడాల్సింది ఉత్త నీళ్లలోనే. పంచదార తగిలిన తర్వాత ఎంతసేపు మరిగించినా అది ఇక మెత్తబడదు, పైగా బిగుసుకుంటుంది. చిక్కటి పాకం తొక్కలోని నీటిని బయటికి లాగేస్తుంది, లోపలికి పంచదార వెళ్లే వేగం మాత్రం చాలా తక్కువ. మీరు అరగంట మరిగించిన పాకం చేసింది అదే. నీరు పోయింది, పంచదార చేరలేదు, తోలు మిగిలింది.

ముందు పండు సంగతి. తొక్క మందంగా, లోపలి తెల్ల పొరతో కలిపి కనీసం 5 మిల్లీమీటర్లు ఉండాలి. నేవెల్ రకం నారింజ, గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస, దబ్బకాయ బాగుంటాయి. వదులుగా ఒలిచి వచ్చే కమలా తొక్క పలచన, పాకంలో ముడుచుకుపోతుంది. దానితో మొదలుపెట్టకండి. పండుకు మైనం పూత ఉంటే వేడినీళ్లలో ముంచి బ్రష్‌తో రుద్ది కడగాలి.

తెల్ల పొరను గీకి పారేయమని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. పాకాన్ని పీల్చి పట్టి ఉంచేది ఆ దూదిలాంటి పొరే. అది లేకపోతే మిగిలేది పైతోలు ఒక్కటే, దాన్ని ఎలా వండినా గట్టిగానే ఉంటుంది. పండు గుజ్జుకు అంటుకున్న పలచటి పొరలు, పీచు తీసేస్తే చాలు. పంపరపనస తొక్క మరీ మందం కాబట్టి తెల్లదాన్ని ఒక సెంటీమీటరుకు తగ్గించుకోవచ్చు.

నాలుగు పెద్ద నారింజలకు దాదాపు 250 నుంచి 300 గ్రాముల తొక్క వస్తుంది. పండుకు పైనా కిందా కోసి, నిలువుగా నాలుగు గాట్లు పెట్టి, తొక్కను పెద్ద ముక్కలుగా ఒలవండి. 7, 8 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలుగా కోయండి. అన్నీ ఒకే వెడల్పులో ఉండటం అందం కోసం కాదు, సన్నవి ముందే ముదిరిపోతాయని.

ఉడకబెట్టడం ఇలా. లీటరున్నర చన్నీళ్లలో తొక్కలు వేసి, మరుగు వచ్చాక ఐదు నిమిషాలు ఉంచి, నీళ్లు మొత్తం పారబోయాలి. మళ్లీ చన్నీళ్లు, మళ్లీ మరుగు, మళ్లీ పారబోత. నారింజకు ఇలా రెండుసార్లు, గ్రేప్‌ఫ్రూట్‌కూ పంపరపనసకూ మూడు నాలుగుసార్లు. చేదుకు ముఖ్య కారణాల్లో ఒకటైన నారింజిన్ అనే పదార్థం నారింజలో కన్నా ఈ రెండింటిలోనే ఎక్కువ (పేరు చూసి మోసపోకండి). అది వేడినీటిలోకి దిగుతుంది. అందుకే ఒకే నీటిలో గంటసేపు మరిగించడం కన్నా నీళ్లు మార్చడం ముఖ్యం. చేదెక్కిన నీరు ఇక చేదును లాగలేదు.

ఆఖరి విడత నీటిలో మాత్రం తొందర వద్దు. మూత పెట్టి, సన్న సెగ మీద 25 నుంచి 40 నిమిషాలు. గడియారాన్ని నమ్మకండి, గోటిని నమ్మండి. ఒక పట్టీని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి గోటితో నొక్కితే, పైన రంగు ఉన్న తోలు కూడా అడ్డు లేకుండా తెగాలి. తెల్ల భాగం తెగి, రంగు భాగం దగ్గర గోరు ఆగిందంటే ఇంకా పది నిమిషాలు. మీ ఇంటి నీళ్లు ఉప్పునీళ్లయితే సమయం ఇంకా ఎక్కువ పడుతుంది. వాటిలోని కాల్షియం, తొక్క కణాల్ని కలిపి ఉంచే పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని పట్టి బిగిస్తుంది. వడపోత యంత్రంలోంచి వచ్చిన నీళ్లు వాడితే తేడా తెలుస్తుంది.

ఇక్కడే ఒక ముక్క కొరికి చూడండి. కాస్త చేదు మిగలాలి. పూర్తిగా పోయేదాకా నీళ్లు మార్చుకుంటూ పోతే చేదుతో పాటు వాసన కూడా పోతుంది, తియ్యటి రబ్బరు మిగులుతుంది. పాకం, ఆపైన చాక్లెట్ కలిశాక ఆ మిగిలిన చేదే రుచి అవుతుంది.

తొక్కల్ని చిల్లుల గిన్నెలో పావుగంట వడకట్టి, ఇప్పుడు తూచండి. ఉడికిన తొక్క బరువు కన్నా పంచదార కాస్త ఎక్కువ ఉండాలి. 350 గ్రాముల తొక్కకు 400 గ్రాముల పంచదార, 400 మిల్లీలీటర్ల నీళ్లు, 60 గ్రాముల గ్లూకోజ్ సిరప్. సిరప్ లేకపోతే ఒక చెంచా నిమ్మరసం. ఇది పులుపు కోసం కాదు. నిమ్మరసంలోని ఆమ్లం పంచదారలో కొంత భాగాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది, అవి పాకం పలుకులు కట్టకుండా అడ్డుకుంటాయి.

పంచదార పూర్తిగా కరిగాకే తొక్కలు వేయాలి. వేశాక గరిటె పెట్టి కలపకండి, గిన్నెను చెవులు పట్టుకుని అటూ ఇటూ ఆడించండి. గరిటె గిన్నె అంచుకు పూసిన పాకం ఎండి పలుకులవుతుంది. అవి లోపల పడితే గిన్నె మొత్తం ఇసుకలా మారిపోతుంది. సెగ ఎంతంటే, అక్కడొక బుడగ ఇక్కడొక బుడగ లేవాలి, అంతే. 40 నిమిషాలు అలా ఉంచి పొయ్యి ఆపి, తొక్కలు పైకి తేలకుండా ఒక పళ్లెం బోర్లించి, రాత్రంతా పాకంలోనే వదిలేయండి. అసలు పని ఆ రాత్రే జరుగుతుంది. పొయ్యి మీద తొక్కలోకి చేరని పంచదార చల్లారాక తీరిగ్గా చేరుతుంది, ముడుచుకున్న పట్టీలు మళ్లీ ఉబ్బుతాయి. ఇదే పనిని రోజుకు కొంచెం చొప్పున పాకం చిక్కబరుస్తూ వారం పైగా చేసే పద్ధతీ ఉంది. పండును పండులా పాకం పట్టాలంటే అది కావాలి, సన్న పట్టీలకు అంత అక్కర్లేదు.

మర్నాడు మళ్లీ సన్న సెగ. ఈసారి థర్మామీటర్ ఉంటే 105, 106 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర ఆపాలి. లేకపోతే తీగపాకం వచ్చేదాకా. ఎత్తైన ఊళ్లలో నీరే తక్కువ వేడికి మరుగుతుంది కాబట్టి, ముందు ఉత్త నీటి మరుగు కొలిచి దానికి ఆరు డిగ్రీలు కలుపుకోండి. 112 దాటి ఉండపాకంలోకి వెళ్లిందా, చల్లారాక తొక్క పంటికి అంటుకునే మిఠాయి అవుతుంది.

పాకం వచ్చింది సరే, తొక్క సంగతి? ఒక పట్టీని అడ్డంగా కోసి వెలుతురుకు పట్టి చూడండి. తెల్ల పొర గాజులా మారి, అంచు నుంచి మధ్య దాకా ఒకే తేనె రంగు కనబడాలి. మధ్యలో సుద్దలా తెల్ల గీత మిగిలిందంటే అక్కడికి పాకం చేరలేదు. అలాంటప్పుడు అరకప్పు వేడినీళ్లు పోసి పాకాన్ని పలచబరిచి ఇంకో ఇరవై నిమిషాలు ఉంచాలి. సెగ పెంచితే మళ్లీ మీ తోలు కథే.

వేడిగా ఉండగానే పట్టీల్ని ఒక్కొక్కటిగా తీసి, తీగల ర్యాక్ మీద ఒకదానికొకటి తగలకుండా పరవండి. 24 నుంచి 48 గంటలు గాలికి ఆరాలి. గాలిలో తేమ ఎక్కువైతే రెండు రోజులైనా ఆరవు. అప్పుడు ఓవెన్‌ను 60, 70 డిగ్రీల మీద పెట్టి, తలుపు కాస్త తెరిచి, గంట నుంచి రెండు గంటలు. వేలితో తాకితే జిగురు తగలాలి కానీ వేలికి అంటుకుని రాకూడదు. టిష్యూ కాగితం మీద పెట్టి నొక్కితే తడి మచ్చ పడకూడదు.

చాక్లెట్‌లో ముంచేవాటికి పైన పంచదార అద్దకండి. అద్దిన పంచదార గాలిలో తేమ పీల్చి చెమరుస్తుంది, చాక్లెట్ తొక్కను పట్టుకోకుండా పొరలా ఊడి వస్తుంది. పంచదార పలుకులు ఇష్టమైతే సగం పట్టీకి మాత్రమే అద్ది, రెండో సగాన్ని ముంచండి.

ఇక చాక్లెట్. మెరుపు లేకపోవడానికీ తెల్లబడటానికీ కారణం టెంపరింగ్ లేకపోవడం, అంటే కరిగిన చాక్లెట్‌ను కలుపుతూ సరైన వేడికి దించి మంచి పలుకులు కట్టేలా చేయకపోవడం. చాక్లెట్‌లోని కొవ్వు, అంటే కోకో వెన్న, గడ్డకట్టేటప్పుడు ఆరు రకాల పలుకులుగా కట్టగలదు. మనకు కావాల్సింది ఐదో రకం, 34 డిగ్రీల దగ్గర కరిగేది. మెరుపు, విరిస్తే వచ్చే టక్కుమనే చప్పుడు దానివే. ఊరికే కరిగించి చల్లారనిస్తే బలహీనమైన రకాలు కలగాపులగంగా కడతాయి. కొవ్వు మెల్లగా పైకి వచ్చి బూడిద రంగు మచ్చలవుతుంది.

కోకో వెన్న ఉన్న 60 నుంచి 70 శాతం డార్క్ చాక్లెట్ 300 గ్రాములు తీసుకోండి. అంతా అంటుకోదు, ముంచడానికి లోతు కావాలి కాబట్టి అంత. 200 గ్రాములు తరిగి, సన్నగా ఆవిరి వస్తున్న నీటి గిన్నె మీద మరో గిన్నె పెట్టి, దాని అడుగు నీటికి తగలకుండా, 45 నుంచి 50 డిగ్రీలకు కరిగించండి. దించి, గిన్నె అడుగున తడి తుడవండి. ఈ తుడుపు మర్చిపోతే అక్కడి చుక్క చాక్లెట్‌లోకి జారుతుంది. ఒక్క చుక్క చాలు, చాక్లెట్ ముద్దకట్టి పిండిలా అవుతుంది. మిగతా 100 గ్రాములు సన్నగా తరిగి కొంచెం కొంచెంగా వేస్తూ, కలుపుతూ 31, 32 డిగ్రీలకు దించండి. ఆ తరుగు ముందే టెంపర్ అయిన, మెరుపు చెడని చాక్లెట్ అయి ఉండాలి. కరిగిన చాక్లెట్‌కు మంచి పలుకుల విత్తనం అదే. మిల్క్ చాక్లెట్ అయితే 45 దాటకుండా కరిగించి, 29, 30కి దించాలి.

పట్టీలు ముంచకముందు ఒక పరీక్ష. కత్తి మొనను చాక్లెట్‌లో ముంచి పక్కన పెట్టండి. 20 డిగ్రీల గదిలో ఐదు నిమిషాల్లోపు గట్టిపడి, చారలు లేకుండా మెరిస్తే సిద్ధం. పదినిమిషాలైనా తడిగానే ఉంటే ఇంకాస్త తరుగు వేసి కలపాలి. పని మధ్యలో చాక్లెట్ చిక్కబడితే కొద్దిగా వేడి చూపించండి, 33 దాటనివ్వకండి. దాటితే పలుకులన్నీ కరిగిపోయి మళ్లీ మొదటికి వస్తుంది. ఇదంతా వద్దనుకుంటే కోకో వెన్న బదులు వేరే కొవ్వు వేసిన కాంపౌండ్ చాక్లెట్ కరిగించి ముంచేయొచ్చు. రుచి మాత్రం ఒక మెట్టు కిందే.

ముంచేటప్పుడు పట్టీలు గది వేడిలోనే ఉండాలి, ఫ్రిజ్‌లోంచి తీసినవి పనికిరావు. చాక్లెట్‌ను ఇరుకైన గ్లాసులో పోస్తే లోతు దొరుకుతుంది. ముంచి, పైకి తీసి, మణికట్టు మీద రెండుసార్లు దులిపి, కింది కొసను గ్లాసు అంచుకు ఒకసారి గీయండి. ఆ గీత గీయకపోతే పట్టీ పెట్టిన చోట చాక్లెట్ జారి మడమలా పేరుకుంటుంది. బటర్ పేపర్ మీద దూరం దూరంగా పెట్టి, 18 నుంచి 21 డిగ్రీల గదిలో వదిలేయండి.

గది వేడిగా ఉంటే ఫ్రిజ్‌లో పది నిమిషాలు, అంతకు మించి వద్దు. మీ మచ్చల్లో ఫ్రిజ్ వాటా కూడా ఉండొచ్చు. చల్లటి చాక్లెట్ బయటికి రాగానే దాని మీద తేమ చేరుతుంది, ఆ తేమలో చాక్లెట్‌లోని పంచదార కరుగుతుంది, ఆరాక తెల్లగా గరుకుగా పేరుకుంటుంది. ఏ మచ్చో తేల్చుకోవడం తేలిక. వేలితో రుద్దండి. నూనెలా జారి మాయమైతే కొవ్వు మచ్చ, టెంపరింగ్ తప్పు. గరుకుగా ఉండి, తడి వేలికి కరిగితే పంచదార మచ్చ, తేమ తప్పు. రెండూ తినడానికి ఇబ్బంది లేనివే.

మీ దగ్గరున్న తోలు పట్టీల్ని చాక్లెట్ గీకేసి ఉత్త నీళ్లలో అరగంట ఉడికించి చూడండి. పంచదార బయటికి వచ్చేకొద్దీ కొంత మెత్తబడతాయి, చేదూ కొంత తగ్గుతుంది. తర్వాత కొత్త పాకం. అప్పటికీ లొంగకపోతే సన్నగా తరిగి కేకులో కలిపేయడమే.

పట్టీల బదులు గుండ్రటి చక్రాలు చేయాలనుకుంటే పండును 5, 6 మిల్లీమీటర్ల మందంలో కోసి, మరిగే నీటిలో రెండు నిమిషాలు మాత్రమే ఉంచాలి, లేదంటే గుజ్జు ఊడిపోతుంది. వెడల్పాటి మూకుడులో ఒకే వరుసగా పరిచి, పాకంలో 45 నిమిషాల నుంచి గంట. గుజ్జులో రసం ఉంటుంది కాబట్టి వీటిని 90 డిగ్రీల ఓవెన్‌లో గంటపాటు అదనంగా ఆరబెట్టి, సగం మాత్రమే ముంచండి. మొత్తం ముంచితే లోపలి తేమ చాక్లెట్‌ను పగలగొట్టుకుని జిగురుగా కారుతుంది.

చాక్లెట్ పట్టీలు గాలి చొరని డబ్బాలో, చల్లటి పొడి చోట, వరుసల మధ్య బటర్ పేపర్ వేసి పెడితే మూడు వారాలు బాగుంటాయి. ముంచని పట్టీలు అంతకన్నా చాలా ఎక్కువ కాలం ఉంటాయి, కాబట్టి ఒకేసారి ఎక్కువ పాకం పట్టి, కావలసినప్పుడు కొన్ని ముంచుకోవచ్చు. మిగిలిన పాకాన్ని వడకట్టి సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచండి. టీలోకి, కేకు తడపడానికి బాగుంటుంది. తర్వాతి విడత తొక్కలకు మాత్రం అదే పాకం వాడొద్దు, మొదటి విడత చేదంతా అందులోనే ఉంటుంది.