నిన్న పాప ఏం తిందని అడిగితే

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లాలోని ఒక పల్లె. నేను మండల కేంద్రంలో ఉద్యోగం చేస్తున్నాను. పద్నాలుగు నెలల పాపను పగలంతా మా అత్తగారే చూసుకుంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్లు ట్యాబ్‌తో వచ్చి, నిన్న పగలు, రాత్రి పాపకు ఏమేం పెట్టారని అడిగితే పప్పన్నం, గుడ్డు, పాలు, అరటిపండు అని చెప్పేశాను. నిజానికి ఆ రోజు పాప తిన్నది చారన్నం, టీలో ముంచిన బిస్కెట్లే. అత్తగారు అప్పుడు ఏమీ అనలేదు గానీ, పాపను తూకం వేస్తామనేసరికి దిష్టి తగులుతుందని అడ్డుపడ్డారు. మా వీధిలో మా ఇంటికే ఎందుకు వచ్చారు? నా అబద్ధం వల్ల అంగన్‌వాడీ గుడ్లు ఆగిపోతాయా?
— ఒక పాఠకురాలు

జవాబు: గుడ్లు ఆగవు. మీరు చెప్పిన వివరాలను గోప్యంగా ఉంచుతామని, ఇష్టం లేని ప్రశ్నకు జవాబు ఇవ్వనక్కర లేదని ముందుగా చదివి వినిపించి, మీ సమ్మతి తీసుకున్నాకే ఆ సర్వే మొదలుపెట్టాలి. తూకం విషయంలోనూ అంతే, మీ అత్తగారు కాదనడంలో తప్పేమీ లేదు. అయితే తల్లి పాపను ఎత్తుకుని నిలబడితే తన బరువు తీసేసి పాప బరువు మాత్రమే చూపించే తూకాలు వాళ్ల దగ్గర ఉంటాయని ఆమెకు చెప్పి చూడండి. పాపను ఒంటరిగా తూకంలో కూర్చోబెట్టడమే ఆమెకు నచ్చలేదేమో.

మీ ఇంటికి రావడం లాటరీ లాంటిదే. ఎంపికైన ఊళ్లో ఇళ్ల జాబితా రాసుకుని, అందులోంచి 22 ఇళ్లను ఒక లెక్క ప్రకారం తీసుకుంటారు. తలుపు వేసి ఉందని పక్కింటికి వెళ్లడం కుదరదు, మళ్లీ ఆ ఇంటికే రావాలి. ఆ 22 ఇళ్లలో రెండేళ్లలోపు పిల్లలు ఎందరుంటారో ఊహించండి. మీ ఒక్క జవాబు ఎన్నో ఇళ్ల తరఫున నిలుస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. 2019-21లో జరిగిన ఐదో విడత సర్వే ప్రకారం, దేశంలో 6 నుంచి 23 నెలల పిల్లల్లో తగినంత ఆహారం, అంటే రకరకాల తిండి తగినన్నిసార్లు, అందుతున్నవారు 11.3 శాతమే. మీ జవాబు మీ పాపను ఆ కొద్దిమందిలో చేర్చింది. చారన్నం, బిస్కెట్లు అని ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉంటే రెండూ ధాన్యం కోవలోకే, అంటే ఒకే రకం తిండి కిందికే వచ్చేవి. పరాయివాళ్ల ముందు బిడ్డకు గుడ్డు పెట్టలేదని ఏ తల్లికి మాత్రం చెప్పాలనిపిస్తుంది? కానీ పిల్లల ఎత్తు కొలిచే కొలబద్ద మొహమాటపడదు. పిల్లల ఎత్తు తక్కువని ఒక పట్టిక, గుడ్లు, పాలు బాగానే తింటున్నారని మరో పట్టిక చెబితే, లోపం తిండిలో లేదనుకుని అధికారులు మరోచోట వెతుకుతారు.

ఈ అంకెలు అలంకారానికి కావు. 2015-16 సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో 38.4 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని తేలింది. పిల్లల్లో పోషకాహార లోపం తగ్గించడానికి కేంద్రం 2018 మార్చి 8న మొదలుపెట్టిన పోషణ్ అభియాన్‌లో, ఆ అంకెనే ఆధారం చేసుకుని 2022 నాటికి దాన్ని 25 శాతానికి తగ్గించాలన్న లక్ష్యం పెట్టుకున్నారు. తరువాతి సర్వేలో దేశం మొత్తం మీద అది 35.5కు దిగినా, మన తెలంగాణలో మాత్రం 28 నుంచి 33.1కి పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 31 దగ్గరే ఆగింది. ఎందుకు పెరిగిందో ఎత్తు చెప్పలేదు. ఇళ్లలో ఏం వండుతున్నారో, ఎవరు తినిపిస్తున్నారో తెలిస్తేనే అది తేలుతుంది.

ఇక్కడ తప్పంతా మీదే అననక్కర లేదు. పిల్లల తిండి గురించిన ఆ ప్రశ్నలు వేసేది తల్లిని, తినిపించేది నాయనమ్మ. పగలంతా పనికి వెళ్లే తల్లి, మధ్యాహ్నం బిడ్డ ఎన్ని ముద్దలు తిన్నదో ఎలా చెప్పగలదు? నాకు ఇది చాలాకాలంగా లోపంగానే కనిపిస్తోంది. పని చేసే తల్లులు పెరుగుతున్నకొద్దీ ఈ ప్రశ్నలు బిడ్డను నిజంగా సాకేవారి ముందుకు వెళ్లాలి.

జవాబులు సరిచూసుకోవడానికి పర్యవేక్షకులు కొన్ని ఇళ్లకు మళ్లీ వస్తుంటారు. మీ ఇంటికీ వస్తే అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని, మొదటిసారి పొరపాటుగా చెప్పామని అనండి. బిస్కెట్ల సంగతి ఆవిడనే చెప్పనివ్వండి.