కల్పన, క్లుప్తం, రొమాన్స్

సందేహం: అయ్యా, 'రొమాంటిసిజం' అన్న మాటకు మా పాఠ్యపుస్తకంలో ఒకచోట 'కాల్పనికవాదం' అనీ, మరొకచోట 'భావకవిత్వం' అనీ ఉన్నది. కాల్పనికమంటే కట్టుకథ కదా, ఒక గొప్ప సాహిత్యోద్యమానికి ఆ పేరు తగునా? 'రొమాంటిక్' మన 'రోమాంచం' నుంచి వచ్చిందని కొందరంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: రెండవ సందేహం చిన్నది గనుక దానితో మొదలుపెడతాను. రోమాంచానికీ రొమాంటిక్‌కూ ధ్వనిలో పోలికే తప్ప చుట్టరికం లేదు. రొమాన్స్ పుట్టిల్లు రోము నగరం. మధ్యయుగాల ఫ్రాన్స్‌లో పండితుల భాష లాటిన్ కాగా, దాని నుంచే పుట్టి జనం నాలుకల మీద నలిగిన వాడుకభాషను 'రొమాంజ్' అనేవారు. మన పరిభాషలో లాటిన్ మార్గం, రొమాంజ్ దేశి. ఆ దేశిలో అల్లిన సాహసగాథలకూ ప్రణయగాథలకూ చివరికి ఆ భాష పేరే స్థిరపడింది. 17వ శతాబ్దిలో ఇంగ్లీషువారు 'రొమాంటిక్' అన్నప్పుడు 'అటువంటి కథల్లో తప్ప లోకంలో జరగనిది' అన్న ఎత్తిపొడుపు అందులో ఉండేది. 1798లో జర్మనీలో ష్లెగెల్ సోదరుల 'అథెనేయుం' పత్రిక ఆ మాటనే కొత్త కవిత్వానికి ఆదర్శంగా నిలబెట్టింది. ఇంత చరిత్ర గల మాట ఇప్పుడు మన సినిమా వార్తల్లో 'ఫలానా హీరోతో రొమాన్స్ చేయనున్న నాయిక' అన్న స్థితికి వచ్చింది. ప్రణయం, శృంగారం, సరసం అని మూడు మాటలు ఇంట్లో ఉండగా పొరుగింటికి అప్పుకు వెళ్లడం మనకు అలవాటైపోయింది. తెచ్చుకొన్నదాన్ని సరిగ్గా వాడినా కొంత బాగుండేది.

ఇక కల్పన. దీని ధాతువును, అంటే మూలరూపాన్ని, సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం 'కృపూ సామర్థ్యే' అని చెప్పింది. 'కృపో రో లః' అన్న పాణిని సూత్రంతో అందులోని రేఫ ('ర') లకారమై కల్పన, కల్పం, సంకల్పం, వికల్పం పుట్టాయి. ధాతువుకు ముందున్న అర్థం సామర్థ్యమనీ, అబద్ధం కాదనీ దయచేసి గమనించండి. ఒకదాన్ని పనికి తగినట్లు సిద్ధం చేయడం కల్పన. అమరకోశమనే నిఘంటువులో అమరసింహుడు 'కల్పనా సజ్జనా సమే' అన్నది ఏనుగును స్వారికి సన్నద్ధం చేయడం గురించి. మనుస్మృతిలో 'కౢప్తకేశనఖశ్మశ్రుః' అంటే జుట్టు, గోళ్లు, గడ్డం కత్తిరించుకొన్నవాడు. మనం రోజూ అనే 'క్లుప్తం' ఈ కౢప్తమే. అనవసరమైనది కత్తిరించగా మిగిలినది. కాబట్టి వెంట్రుకలతో సంబంధమేదైనా ఉంటే అది కల్పనకే గాని రొమాన్సుకు లేదు! 'కల్పించి చెప్పాడు' అంటే అబద్ధమాడాడన్న అర్థం ఆ తరువాత వచ్చి చేరినదే.

అయితే మీ అనుమానానికి మన కవుల్లోనే ఒక పెద్ద అండ ఉన్నది. రామరాజభూషణుడు వసుచరిత్ర అవతారికలో 'కేవల కల్పనాకథలు కృత్రిమ రత్నములు' అన్నాడు. అనాదిగా ఉన్న సత్కథలు గనిలో పుట్టిన రత్నాలట; సత్కవి కల్పనతో అలంకృతమైన పూర్వకథలు సానబట్టిన జాతిరత్నాలట. అంటే కల్పన సానరాయి మాత్రమే, రత్నం వేరే చోటి నుంచి రావాలి. ఈ పద్యం నాకెంత ఇష్టమో చెప్పలేను. తన వృత్తిలోని కిటుకును ఇంత ధీమాగా బయటపెట్టిన కవులు అరుదు. ఇంగ్లండులో 1711 నాటి అలెగ్జాండర్ పోప్ కూడా, అందరికీ తట్టినదాన్నే మునుపెవరూ చెప్పనంత చక్కగా చెప్పడమే కవి నేర్పు అన్నాడు. వీరిద్దరూ ఎదురుపడి ఉంటే చేతులు కలిపేవారు.

18వ శతాబ్ది చివర ఈ లెక్క తిరగబడింది. ఆ తిరుగుబాటే రొమాంటిసిజం. 1789 ఫ్రెంచి విప్లవం రేపిన ఆశ, 1793 నాటికి గిలెటిన్ కింద ఆ ఆశ నలిగిన తీరు, ఊరుమ్మడి భూములకు కంచెలు, నూలు మిల్లుల పొగ, ఇవన్నీ కవిని బయటి లోకపు కట్టుబాట్ల నుంచి తన లోపలికి మళ్లించాయి. 1798లో ఆంగ్లకవులు వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్ కలిసి తమ పేర్లు లేకుండా 'లిరికల్ బాలడ్స్' అనే కవితల సంపుటిని ప్రచురించారు. 1800లో రెండవ ముద్రణకు రాసిన పీఠికలో వర్డ్స్‌వర్త్ మనుషులు నిజంగా మాట్లాడే భాషే కవిత్వానికి కావాలన్నాడు. మళ్లీ దేశి! 1817లో కోల్‌రిడ్జ్ జ్ఞాపకాల ముక్కలను అటూ ఇటూ పేర్చే 'ఫ్యాన్సీ' వేరు, వాటిని కరిగించి కొత్తగా పోతపోసే కల్పన వేరు అని తేల్చాడు. ఆ 'ఫ్యాన్సీ'ని మనం గాజులూ రిబ్బన్లూ అమ్మే దుకాణానికి ఇచ్చేశాము. ఈ ఒక్క విషయంలో మన వాడుకను తప్పుపట్టలేను.

ఆ కల్పన చేసే పని వర్డ్స్‌వర్త్ డాఫొడిల్ పూల కవితలో కనిపిస్తుంది. 1802 ఏప్రిల్ 15న అతడు చెల్లెలు డొరొతీతో కలిసి ఉల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున ఆ పూలను చూశాడు. ఆనాటి విసురుగాలినీ, కొన్ని పూలు అలసి తలగడ మీద వాల్చినట్లు రాళ్ల మీద తలలు వాల్చడాన్నీ ఆమె డైరీలో రాసుకొన్నది. సుమారు రెండేళ్ల తరువాత రాసి 1807లో అచ్చు వేసిన కవితలో అన్నగారు ఒంటరిగా తిరుగుతున్నాడు. చెల్లెలు లేదు, రాళ్లు లేవు, అలసట లేదు, పూలన్నీ నాట్యమాడుతున్నాయి. ఇది అబద్ధమా? మనువు చెప్పిన అర్థంలో ఇది కల్పన, అంటే కత్తిరింపు. కత్తిరించగా మిగిలిన పూలే తరువాత ఎప్పుడో పడక మీద ఒంటరిగా ఉన్నప్పుడు లోచూపుకు మెరిశాయి. ఆ లోచూపు గురించిన రెండు పాదాలు తన భార్యవని వర్డ్స్‌వర్తే ఒప్పుకొన్నాడు. ఏకాంతాన్ని గురించిన కవితకు ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు సాయపడ్డారన్నమాట.

అందుచేత 'కాల్పనిక' అన్న మాట ఆ ఉద్యమానికి తగదనను. కాని నవలనూ కథనూ కూడా 'కాల్పనిక సాహిత్యం' అంటున్నాము గనుక తికమక తప్పదు. 'కాల్పనికోద్యమం' అంటే కొంత నయం. 'వాదం' నాకు రుచించదు, ఎందుకంటే ఆ ఉద్యమంలోని కవులు కీట్స్, బైరన్ ఒక సిద్ధాంతానికి కట్టుబడి రాసినవారు కారు. 'భావకవిత్వం' మాత్రం మన సొంతం. రాయప్రోలు, 1925లో 'కృష్ణపక్షం' వెలువరించిన కృష్ణశాస్త్రి ఆంగ్లకవుల నుంచీ రవీంద్రుని నుంచీ ఎంత తెచ్చుకొన్నా, దాన్ని మన ఛందస్సులో, మన విరహంలో నానబెట్టారు. ఆంగ్లకవి షెల్లీని భావకవి అనడం గోదావరి పేరును థేమ్స్‌కు పెట్టడం వంటిది. ఇంతకన్నా మంచి మాట ఎవరైనా సూచిస్తే నేను మొండికెయ్యను. పరీక్షలో మాత్రం మీ పాఠ్యపుస్తకంలో ఏది ఉంటే అదే రాయండి.