దోషిని ముందే కనిపెట్టేసే అమ్మాయికి ఏ మిస్టరీ ఇవ్వాలి?

మీ అమ్మాయికి పదమూడేళ్లని, ఏ డిటెక్టివ్ నవల ఇచ్చినా సగంలోనే దోషి పేరు చెప్పేసి పక్కన పడేస్తోందని రాశారు. మా అక్క కూతురు కూడా అచ్చం ఇంతే. తనకి నేనిచ్చిన పుస్తకమే మీకూ చెబుతాను: రెబెకా స్టెడ్ రాసిన ‘వెన్ యూ రీచ్ మీ’. 2009లో వచ్చింది, 2010లో న్యూబెరీ మెడల్ అందుకుంది. అది పిల్లల సాహిత్యానికిచ్చే అవార్డే అయినా, చిన్నపిల్లల పుస్తకం అనుకుని వదిలేయకండి.

కథ 1979 ప్రాంతపు న్యూయార్క్‌లో జరుగుతుంది. మిరాండాకి పన్నెండేళ్లు, వాళ్లమ్మ ఒక టీవీ క్విజ్ షోలో పాల్గొనడానికి ప్రాక్టీస్ చేస్తూ ఉంటుంది. చిన్నప్పటి నుంచీ కలిసి తిరిగిన స్నేహితుడు శాల్‌ని ఒకరోజు వీధిలో ఎవరో కుర్రాడు కారణం లేకుండా కొడతాడు. ఆ రోజు నుంచి శాల్ మిరాండాతో మాట్లాడటం మానేస్తాడు. తర్వాత దాచి ఉంచిన ఇంటి తాళంచెవి పోతుంది. ఆ తర్వాత చీటీలు రావడం మొదలవుతుంది. నీ స్నేహితుడి ప్రాణం కాపాడటానికి వస్తున్నానని, నాకో ఉత్తరం రాయాలని మొదటి చీటీలో ఉంటుంది. తర్వాతి వాటిలో ఇంకా జరగని సంగతులు కూడా ఉంటాయి.

నేను చదివినప్పుడు మొదటి యాభై పేజీలూ ‘ఇందులో మిస్టరీ ఎక్కడుంది?’ అనే అనుకున్నాను. బడి, స్నేహాలు, అలకలు, మధ్యాహ్నం పూట శాండ్‌విచ్ కొట్లో పని. చీటీలు వచ్చాక మాత్రం, రాసేదెవరా అని అందరినీ అనుమానించాను. చివరికి తేలిందేమిటంటే, ఎవరు అన్నది సగం ప్రశ్నే. ఇది అసలు ఏ రకం కథ అన్నది మిగతా సగం. దాన్ని నేను అడగనే లేదు.

ఒక్క సన్నివేశం చెబుతాను, దీనివల్ల గుట్టేమీ బయటపడదు. మిరాండా ఎప్పుడూ ఒకే పుస్తకం పట్టుకుని తిరుగుతుంది, అది మాడలీన్ లెంగిల్ రాసిన ‘ఎ రింకిల్ ఇన్ టైమ్’. అందులో పిల్లలు ఎక్కడికో వెళ్లి, బయలుదేరిన సమయానికి ఐదు నిమిషాల ముందే ఇంటి కూరగాయల మడిలో వచ్చి పడతారట. దాని గురించి మార్కస్ అనే కుర్రాడు తాపీగా అంటాడు: అలాగైతే వెళ్లేముందే తాము తిరిగి రావడాన్ని వాళ్లు చూసి ఉండాలి కదా అని. తనకి ప్రాణమైన పుస్తకాన్ని తప్పుపట్టాడని మిరాండాకి ఒళ్లు మండిపోతుంది. నేనూ ఆమె పక్షానే ఉండి, ఆ పేజీలు గబగబా తిప్పేశాను. పుస్తకం ముగించాక మొట్టమొదట వెనక్కి వెళ్లి చదివింది ఆ పేజీలనే.

ఇంకో సంగతి. మిరాండా కథంతా ‘నువ్వు’ అంటూ ఎవరికో చెబుతున్నట్టే రాస్తుంది. అదేదో శైలి అనుకుని దాటేశాను. రచయిత్రి ఎక్కడా మోసం చేయలేదు, అన్నీ మన కళ్లముందే పెట్టింది. నాకు ఈ పుస్తకం మీద ఇంత ప్రేమ అందుకే.

మా అక్క కూతురు ఒక నోట్‌బుక్‌లో అనుమానితుల పేర్లు రాసుకుంటూ చదివింది. నాలుగు పేర్లు కొట్టేసి ఐదోది రాసుకుంది, అదీ తప్పే. ముగించిన రాత్రి ఏమీ మాట్లాడలేదు. పొద్దున్న చూస్తే మళ్లీ మొదటి పేజీ దగ్గరుంది.

అధ్యాయాలు చాలా చిన్నవి, ఇంగ్లీషు తేలిక. దయచేసి వెనక అట్ట మీద ఉన్నది చదవనివ్వకండి, నెట్‌లో వెతకనివ్వకండి. మీరు ముందు చదివితే ముఖంలో ఏమీ కనబడనీయకండి, అది నాకు చాలా కష్టమైంది!

ఇది నచ్చి ఇంకోటి అడిగితే, మార్క్ హాడన్ 2003లో రాసిన ‘ది క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ది డాగ్ ఇన్ ది నైట్-టైమ్’ ఉంది. పదిహేనేళ్ల క్రిస్టఫర్ పొరుగువాళ్ల కుక్కని చంపిందెవరో వెతుకుతాడు. అధ్యాయాలకి 2, 3, 5, 7 అంటూ ప్రధాన సంఖ్యలే ఉంటాయి. కుక్క సంగతి పుస్తకం ఇంకా చాలా ఉండగానే తేలిపోతుంది, బరువైన కథ ఆ తర్వాతే. బూతులు బాగానే ఉంటాయి కాబట్టి ఒకటి రెండేళ్లు ఆగి ఇవ్వండి.