చెరువు తాబేలు మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. భాష బాగుంది, పరుగు బాగుంది, కానీ మొదటి పేజీ మొత్తం కూర్మావతారం, కుందేలుతో పందెం, శ్రీకూర్మం గుడి. మీ చెరువులో ఉన్న తాబేలు రావడానికి రెండో పేజీ దాకా ఆగాల్సి వచ్చింది. పైగా శ్రీకూర్మం గుడిలో పెంచేవి నక్షత్ర తాబేళ్లు, మెట్ట మీద గడ్డీ గాదం తిని బతికేవి. మీ చెరువుది వేరే కుటుంబం, మెత్తటి డిప్పది, శాస్త్రీయనామం లిస్సెమిస్ పంక్టాటా. రెండింటినీ ఒకే పేరాలో కలిపేశావంటే, విషయం తెలిసినవాడు అక్కడే ఆపేస్తాడు.

ఆ ఫోటో కూడా మార్చెయ్. డిప్ప మీద పసుపు చుక్కలున్నది గంగా, సింధు మైదానాల వైపు రకం. మన దక్షిణాది చెరువుల్లో ఎదిగిన తాబేళ్లకు ఆ చుక్కలు ఉండవు. నెట్‌లో మొదట కనిపించింది తీసుకున్నట్టున్నావ్.

"డిప్పలోకి ముడుచుకుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు చూడు, అసలు రాయాల్సింది అక్కడే. దీని పొట్టవైపు, వెనక కాళ్ల దగ్గర రెండు చర్మపు మడతలుంటాయి. కాలు లోపలికి లాగగానే ఆ మడత వచ్చి కాలిని పూర్తిగా కప్పేస్తుంది, ముందువైపు పొట్ట డిప్ప కాస్త పైకి లేచి తలనూ ముందుకాళ్లనూ మూసేస్తుంది, అంటే నాలుగు వైపులా తలుపులు వేసుకున్న ఇల్లన్నమాట. గోదావరిలో ఉండే పెద్ద మెత్తడిప్ప తాబేలుకు ఈ ఏర్పాటు లేదు. ఈ తేడా చెబితే చాలు, నీ తాబేలును ఇంకే తాబేలనీ ఎవరూ పొరబడరు.

"నెమ్మదిగా" అన్న మాట ఎన్నిసార్లు వాడావో ఓసారి చూసుకో. ఇది చేపల్నీ కప్పల్నీ పట్టుకునే జంతువు, నత్తలు, నీటి మొక్కలు, చచ్చినవి కూడా వదలదు, నీళ్లలో చకచకా ఈదుతుంది, పట్టుకుంటే కరుస్తుంది. పొద్దున్నే తూము దగ్గర కదలకుండా కూర్చో, ఒళ్లంతా నీళ్లలో ఉంచి గొట్టంలాంటి ముక్కు కొస మాత్రం పైకి పెట్టి గాలి పీల్చుకుని మళ్లీ దిగిపోతుంది. అది చూశాక "నెమ్మదిగా" అని రాయబుద్ధి కాదు.

ఇక నువ్వు అసలు ముట్టుకోని భాగం ఎండాకాలం. చెరువు ఇంకిపోతే ఇది బురదలోకి దూరి, పైన మట్టి బీటలు వారినా అడుగున కదలకుండా వానల దాకా పడుంటుంది. గుడ్లు గుండ్రంగా, గట్టి పెంకుతో ఉంటాయి, ఒడ్డున మట్టిలో పెడుతుంది. లోపల పిండం ఎదుగుదల మొదట్లోనే ఆగిపోయి, కొంతకాలం అలాగే ఉండి, అప్పుడు మళ్లీ మొదలవుతుంది. అందుకే పిల్లలు రావడానికి నెలలు పడుతుంది. మనవాళ్లు పూడిక తీసేదీ సరిగ్గా ఎండాకాలంలోనే. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పటి నుంచి ఎన్ని చెరువుల మట్టి పొలాలకు వెళ్లిందో నీకు తెలుసు. ఆ మట్టిలో పడుకున్న తాబేళ్ల సంగతేంటి? జేసీబీ డ్రైవర్లను అడుగు, మట్టి తోలుకెళ్లిన రైతుల్ని అడుగు, నీ వ్యాసం అక్కడ దొరుకుతుంది. నాకైతే ఈ ఒక్క పేరా కోసం కూర్మావతారం పేజీ మొత్తం వదిలెయ్యొచ్చనిపిస్తుంది.

చివరి పేరాలో "ప్రకృతిని కాపాడుకుందాం" అని నువ్వు చెప్పక్కర్లేదు, కొట్టెయ్. దానికి బదులు ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉందనీ, పట్టుకున్నా అమ్మినా జైలేననీ, అయినా మాంసం కోసం మన జిల్లాల నుంచి బెంగాల్ వైపు దొంగచాటుగా తరలిస్తూనే ఉన్నారనీ రాయి. అందుకే ఇంకో మాట, వ్యాసంలో ఊరి పేరు, చెరువు పేరు తీసెయ్. "మండలంలో ఒక చెరువు" అంటే చాలు, చదివేవాళ్లలో సంచీ పట్టుకుని వచ్చేవాడూ ఉంటాడు. తాబేలును చేత్తో పట్టుకున్న ఫోటో మాత్రం ఎక్కడా పెట్టకు.

ఇవన్నీ సరిచేశాక మళ్లీ పంపు, తొందరేం లేదు, వానలు పడ్డాక ఇంకోసారి చెరువుకెళ్లి వచ్చి పంపినా సరే.