ఇంటికి తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టే ముందు

సందేహం: మాది మంగళగిరి. ఐదు నెలల కిందట మా తమ్ముడి కారులో హైదరాబాదు నుంచి వస్తుండగా, సూర్యాపేట దాటాక రాత్రివేళ లైట్లు లేకుండా రోడ్డు మీద ఆపి ఉంచిన లారీని కారు ఢీకొంది. తమ్ముడే నడుపుతున్నాడు. పక్క సీట్లో ఉన్న మా వారికి కుడి తొడ ఎముక విరిగితే రాడ్డు వేశారు. మోకాలు ఇప్పటికీ సరిగా వంగడం లేదు. ఆయన వడ్రంగి, వయసు 38. లారీ బీమా కంపెనీ తరఫున వచ్చానంటూ ఒకాయన, "సగం తప్పు కారుదే, నాలుగు లక్షలకు సంతకం పెట్టండి" అంటున్నాడు. కేసు వేస్తే తమ్ముడి మీద కూడా వేయాల్సి వస్తుందా?

జవాబు: అమ్మా, ముందుగా ఆ కాగితం మీద మీ వారి చేత సంతకం చేయించకండి. పూర్తి పరిష్కారం కింద సొమ్ము ముట్టినట్లు రాసిచ్చాక, అది తెలియక చేసిన సంతకమని నిరూపించుకునే భారం మీ మీదే పడుతుంది. కంపెనీకి నిజంగా రాజీ పడే ఉద్దేశమే ఉంటే, మోటారు వాహనాల చట్టం 149వ సెక్షన్ ప్రకారం ఆ ప్రతిపాదనను ప్రమాద పరిహారం కేసులు విచారించే ట్రిబ్యునల్ ముందే పెట్టవచ్చు. మీరు అంగీకరిస్తే ట్రిబ్యునల్ దాన్ని నమోదు చేస్తుంది, అప్పటి నుంచి ముప్పై రోజుల్లో కంపెనీ సొమ్ము చెల్లించాలి. మీ ఇంటి వసారాలో కూర్చుని తేల్చుకోవలసిన విషయం కాదిది.

రెండోది గడువు. ప్రమాదం కేసుకు కాలపరిమితి లేదని మీకు చాలామంది చెబుతారు. ఒకప్పుడు అది నిజమే. కానీ 2019 సవరణతో 166వ సెక్షన్‌లో చేర్చిన ఆరు నెలల గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మీకు ఇక నెల రోజులే ఉంది. ప్రమాదం తెలంగాణలో జరిగిందని సూర్యాపేట కోర్టు చుట్టూ తిరగనక్కర లేదు. బాధితుడు నివసించే చోట కూడా పిటిషన్ వేసుకునే వీలును అదే సెక్షన్ ఇస్తోంది కనుక గుంటూరులోనే వేయండి.

ఇక "సగం తప్పు కారుదే" అన్న మాట. లారీని ఇతరులకు ప్రమాదం కలిగేలా రోడ్డు మీద నిలిపి ఉంచడం 122వ సెక్షన్‌కు విరుద్ధం. ఒకవేళ మీ తమ్ముడు వేగంగా నడిపాడని తేలినా, మీ వారు ప్రయాణికుడే తప్ప డ్రైవరు కాదు. ఆ తప్పులో ఆయనకు భాగం లేదు. రెండు వాహనాల తప్పు వల్ల మూడో మనిషి గాయపడితే, అతడు మొత్తం పరిహారాన్ని ఆ ఇద్దరిలో ఎవరి నుంచైనా రాబట్టుకోవచ్చని 2015లో ఖెన్యెయ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వాటాలు తేల్చుకోవడం వాళ్ల గొడవ.

తమ్ముడి సంగతి మీరు అడగడం నాకు అర్థమైంది, ఈ ఒక్క సంకోచంతో హక్కును వదులుకున్న కుటుంబాలున్నాయి. ముందు కారు పాలసీ కాగితం చూడండి. అది ఫుల్ ఇన్సూరెన్స్, అంటే ప్యాకేజీ పాలసీ అయితే కారులో కూర్చున్న వారికీ అది వర్తిస్తుంది. అప్పుడు కారు యజమానిగా తమ్ముడిని, ఆయన బీమా కంపెనీని కూడా ప్రతివాదులుగా చేర్చడమే క్షేమం. తమ్ముడి పేరు కాగితం మీద ఉంటుంది, డబ్బు కట్టేది కంపెనీ. ఉత్త థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే సొంత కారులో ఉచితంగా ప్రయాణించే వారికి అది వర్తించదు, భారం తమ్ముడి మీదే పడే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు లారీ వైపు వారి మీదే పిటిషన్ వేసే దారి ఉంది; కాకపోతే లారీది ఏమాత్రం తప్పు లేదని ట్రిబ్యునల్ భావిస్తే మీకేమీ దక్కదు గనుక, పంచనామా, ఛార్జిషీటు చదివాకే ఈ నిర్ణయం తీసుకోవాలి.

ఇప్పుడు నాలుగు లక్షలు న్యాయమైనదేనా అన్నది చూద్దాం. చట్టం కొలిచేది విరిగిన ఎముకను కాదు, పోయిన సంపాదనను. మెడికల్ బోర్డు ఆ కాలికి నలభై శాతం వైకల్యం అని రాయవచ్చు. అదే అంకెను యథాతథంగా సంపాదన నష్టంగా తీసుకోకూడదని, ఆ మనిషి చేసే పనిని బట్టి నష్టాన్ని లెక్కగట్టాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నేల మీద గొంతుకూర్చుని చిత్రిక పట్టాల్సిన, నిచ్చెనెక్కి కబోర్డు బిగించాల్సిన వడ్రంగికి మోకాలు వంగకపోవడం, బల్ల ముందు కూర్చుని పనిచేసే గుమాస్తాకు వంగకపోవడం ఒకటి కాదు. ఉదాహరణకు నెల సంపాదన 15,000 రూపాయలనే ట్రిబ్యునల్ నమ్మిందనుకోండి. ఏడాదికి 1,80,000. నలభై లోపు వయసున్న స్వయం ఉపాధి వారికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 2,52,000. సంపాదన నష్టం సగమని తేలితే 1,26,000. ఈ ఏడాది నష్టాన్ని వయసును బట్టి ఒక అంకెతో హెచ్చిస్తారు, దాన్నే గుణకం అంటారు; 36 నుంచి 40 ఏళ్ల వారికి అది 15 కాబట్టి మొత్తం 18,90,000 రూపాయలు. మనిషి బతికే ఉన్నాడు కనుక సొంత ఖర్చుల కింద ఇందులో కోత ఉండదు. వైద్య ఖర్చులు, పనికి వెళ్లలేని నెలల ఆదాయం, నొప్పికి బాధకు పరిహారం, రేపు రాడ్డు తీయడానికయ్యే ఖర్చు దీనికి అదనం.

ఐటీ రిటర్నులు లేవని దిగులు పడకండి. ఆయన కొలతలు రాసుకునే పుస్తకం, ఫోనుకు వచ్చిన చెల్లింపుల వివరాలు, పని చేయించుకున్న ఇద్దరు ఇంటి యజమానుల సాక్ష్యం చాలా బరువైన ఆధారాలు. మందుల షాపు బిల్లులు అసలువే దాచండి. ఆ అచ్చు నెలల్లో వెలిసిపోతుంది, వెంటనే జిరాక్సు తీయించండి. ఆపరేషన్ చేసిన డాక్టరుతో రాడ్డు తీయడానికయ్యే ఖర్చు అంచనాను రాయించుకోండి, ఆయన సాక్ష్యం కూడా అవసరమవుతుంది.

ఈ వారంలోనే ప్రమాదం జరిగిన పరిధిలోని పోలీసు స్టేషన్ నుంచి ఎఫ్‌ఐఆర్, పంచనామా, ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు నకళ్లు, రెండు వాహనాల పాలసీ వివరాలు తెప్పించుకుని న్యాయవాదిని కలవండి. ఛార్జిషీటు ఇంకా వేయకపోయినా పిటిషన్ ఆపనక్కర లేదు, తర్వాత దాఖలు చేయవచ్చు.